ముందు పని... ఆ తర్వాతే పరీక్ష!

విజయవాడ నుంచి ఏలూరు వైపు హైవే మీద బయల్దేరితే ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి దాటాక కేసరపల్లి వస్తుంది. అక్కడ మేధా టవర్స్. ఆ దగ్గర్లోనే 2018లో శంకుస్థాపన జరుపుకొన్న హెచ్‌సీఎల్ క్యాంపస్. మరికాస్త ముందుకెళితే గన్నవరం విమానాశ్రయం. డెల్టా పొలాల మధ్య ఐటీ మేడలు లేచాక చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లలో ఒకటే చర్చ. ‘మావాడు డిగ్రీ అయితే పూర్తిచేశాడు. కోడింగంటే ఆమడ దూరం పారిపోతున్నాడు. కంప్యూటర్లలో వాడికి ఇంకో దారేమీ లేదా?’ అని.

ఉంది. ఆ దారి పేరు నెట్‌వర్కింగ్. పేరు వినగానే సబ్బులూ పొడులూ అమ్మే గొలుసుకట్టు వ్యాపారం అనుకుని కంగారు పడక్కర్లేదు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి, ఆ కలయిక తెగకుండా కాపుకాసే పని ఇది. దానికి ప్రపంచమంతా గుర్తించే సర్టిఫికెట్లున్నాయి. అయితే ఆ కాగితం కోసం పెట్టే ఖర్చు తక్కువేం కాదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న లెక్క తప్పితే డబ్బూ పోతుంది, పిల్లల ఏడాదీ పోతుంది.

అసలేమిటీ పని?

విమానాశ్రయాన్నే తీసుకుందాం. టికెట్ కౌంటర్లో కంప్యూటరు, విమానాల వేళలు చూపే తెర, నిఘా కెమెరా, ప్రయాణికుల ఫోన్లకు అందే వైఫై... ఇవన్నీ ఎక్కడో ఒకచోట తీగల ద్వారా కలవాల్సిందే. కౌంటర్‌కూ ప్రయాణికుడి ఫోన్‌కూ ఒకే స్విచ్ నుంచి నెట్ అందుతున్నా ఒకదాని సమాచారం రెండోదానికి కనిపించకూడదు. ఒకే భవనంలో గోడలు కట్టినట్టు ఒకే స్విచ్‌లో వేర్వేరు గదులు కడతారు. వాటినే వీలాన్‌లు అంటారు. ఏ గది నుంచి ఏ గదికి వెళ్లొచ్చో, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపాలో నిర్ణయించేది రౌటరూ ఫైర్‌వాలూ. ఇవన్నీ అమర్చి, చెడిపోతే బాగుచేసేవారే నెట్‌వర్క్ ఇంజినీర్లు.

ఆస్పత్రి, బ్యాంకు, కాలేజీ, కలెక్టరేట్... ఏదైనా ఇంతే. పల్లెలూ దీనికి దూరమేమీ కాదు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగి ఊరూరా నెట్ ఇవ్వాలని మొదలుపెట్టిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్టూ టీవీ ఫోనూ అన్న ఆనాటి మాట చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తీగ తెగినా, పెట్టె మొరాయించినా బాగుచేసే మనిషి ఆ చుట్టుపక్కలే ఉండాలి. ఇక 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో భారీ డేటా సెంటర్ కడతామనీ, అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామనీ ప్రకటించింది. వీటివల్ల అందరికీ ఉద్యోగాలు వచ్చిపడతాయని కాదు. ఈ పనికి మన రాష్ట్రంలోనూ చోటుందని చెప్పడానికే ఈ ఉదాహరణలు.

ఏ సర్టిఫికెట్?

ఈ రంగంలో ఎక్కువగా వినిపించే పేరు సీసీఎన్ఏ. సిస్కో అనే అమెరికా కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఇది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల విభాగాల్లో పనిచేసిన లియొనార్డ్ బొసాక్, శాండీ లెర్నర్ దంపతులు 1984లో ఆ కంపెనీ పెట్టారు. 1993లో నిపుణుల కోసం సీసీఐఈ, 1998లో కొత్తగా వచ్చేవారి కోసం సీసీఎన్ఏ మొదలయ్యాయి.

ఇప్పుడున్న సీసీఎన్ఏ పరీక్ష నంబరు 200-301. 2020 ఫిబ్రవరి 24న వచ్చింది. 2024 ఆగస్టులో సిలబస్‌లో కొద్ది మార్పులు చేసి కృత్రిమ మేధ ప్రస్తావన కూడా చేర్చారు. వ్యవధి 120 నిమిషాలు. రాయడానికి ఫలానా డిగ్రీ ఉండాలన్న నిబంధనేమీ లేదు. బీకాం వాళ్లూ రాయొచ్చు, డిప్లొమా వాళ్లూ రాయొచ్చు. ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. మన డబ్బులో పాతికవేల రూపాయల పైమాటే. పాసైతే మూడేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ పరీక్ష రాయడమో, సిస్కో గుర్తించిన శిక్షణల ద్వారా 30 క్రెడిట్లు సంపాదించడమో చేయాలి. ఒక్కసారి పాసై గోడకు పటం కట్టుకునే సర్టిఫికెట్ కాదన్నమాట.

సిలబస్‌లో ఆరు భాగాలు. రౌటింగ్‌తో కూడిన ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, నెట్‌వర్క్ మౌలికాంశాలకు 20 శాతం, స్విచ్‌లూ వైర్‌లెస్‌లతో కూడిన నెట్‌వర్క్ యాక్సెస్‌కు మరో 20 శాతం, భద్రతకు 15 శాతం, ఐపీ సర్వీసులకు 10 శాతం, ఆటోమేషన్‌కు 10 శాతం. అంటే మొదటి మూడు అంశాల మీద పట్టు సాధిస్తే పరీక్షలో దాదాపు మూడింట రెండొంతులు దారికొచ్చినట్టే.

రెండో సర్టిఫికెట్ కాంప్‌టియా సంస్థ ఇచ్చే నెట్‌వర్క్ ప్లస్. ఇది ఏ ఒక్క కంపెనీ పరికరాలకూ సంబంధించింది కాదు. ఇప్పటి పరీక్ష 2024 జూన్‌లో వచ్చింది. 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు. 900కి 720 వస్తే పాస్. రౌటర్లూ స్విచ్‌ల మీదే పనిచేయాలనుకునేవారికి సీసీఎన్ఏ, అన్నిరకాల సాంకేతిక సహాయం చేసే డెస్క్ ఉద్యోగాల వైపు చూసేవారికి నెట్‌వర్క్ ప్లస్ నప్పుతాయి. రెండూ కలిపి ఒకేసారి తలకెత్తుకోవడం మాత్రం వద్దు.

డబ్బు ఎప్పుడు కట్టాలి?

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. హైదరాబాద్ అమీర్‌పేటలో హాస్టల్ చూసుకోవడం, కోచింగ్ ఫీజు మొత్తం ఒకేసారి కట్టేయడం, చదువు మొదలుకాకముందే పరీక్ష తేదీ తీసుకోవడం... తీరా రెండో నెలలో ‘ఇది నాకు పడదు’ అని తెలిసినా కట్టిన డబ్బు వెనక్కి రాదు. అందుకే క్రమం తిరగేయాలి. మొదటి రెండు నెలలూ ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా చదివి చూడాలి.

దానికి ఏర్పాట్లు బాగానే ఉన్నాయి. నెట్‌వర్క్‌ను కంప్యూటర్ తెర మీదే కట్టి చూసుకునే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్‌ను సిస్కో తన నెట్‌వర్కింగ్ అకాడమీ ద్వారా ఉచితంగా ఇస్తోంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు. సీసీఎన్ఏ సిలబస్ మొత్తాన్ని యూట్యూబ్‌లో ఉచితంగా చెప్పే ‘జెరెమీస్ ఐటీ ల్యాబ్’ పాఠాలు ప్రపంచమంతా చూస్తున్నారు. సిద్ధాంతం లోతుగా కావాలంటే ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యులు చెప్పిన ఎన్‌పీటెల్ పాఠాలున్నాయి.

పుస్తకమంటే వెండెల్ ఒడమ్ రాసిన రెండు సంపుటాలకు పేరుంది. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దుకాణాలకు వెళ్లేవారు మాత్రం అట్ట మీది పరీక్ష నంబరు చూసి కొనాలి. 640-802 అని ఉంటే అది 2007 నాటి పరీక్షకు రాసింది. చవగ్గా వచ్చింది కదా అని కొంటే లేని పాఠాలు చదివి, ఉన్న పాఠాలు వదిలేసినట్టవుతుంది. 200-301 అని ఉన్నవే కొనాలి.

రెండు నెలల తర్వాత ఆసక్తి నిలిచిందా? అప్పుడు కోచింగ్ గురించి ఆలోచించొచ్చు. చేరేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. నిజమైన రౌటర్లూ స్విచ్‌లూ ఎన్ని ఉన్నాయి? క్లాసు అయ్యాక వాటి మీద సాధన చేసుకోనిస్తారా? పాఠం చెప్పేవారు ఎక్కడైనా ఈ పని చేశారా? ఫీజు విడతలుగా తీసుకుంటారా? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పకుండా ‘వంద శాతం ఉద్యోగం గ్యారంటీ’ అనే మాటే పదేపదే చెబుతుంటే అక్కణ్నుంచి లేచి రావడమే మంచిది.

వెంచర్‌లో ప్లాట్లు!

సీసీఎన్ఏ మొదలుపెట్టినవారిని మొదట భయపెట్టేది సబ్‌నెట్టింగ్. చాలామంది పుస్తకం మూసేసేది ఆ అధ్యాయం దగ్గరే. నిజానికి గన్నవరం చుట్టుపక్కలవాళ్లకు ఇది తెలియని లెక్కేం కాదు. వెంచర్ వేసి ప్లాట్లు కొట్టడమే!

192.168.10.0/24 అనే నెట్‌వర్క్ ఉందనుకుందాం. ఇందులో 256 చిరునామాలు. అదో పెద్ద చెక్క. దాన్ని నాలుగు సమాన ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కకు 64 వస్తాయి. అప్పుడు /24 కాస్తా /26 అవుతుంది. ముక్కలు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. వెంచర్‌లో కొంత జాగా రోడ్లకు పోయినట్టే, ప్రతి ముక్కలోనూ మొదటి చిరునామా ఆ ముక్క పేరుకూ, చివరిది అందరికీ ఒకేసారి కేకేసే బ్రాడ్‌కాస్ట్‌కూ పోతాయి. కంప్యూటర్లకు మిగిలేవి 62.

ఇప్పుడు పరీక్షలో అడిగే తరహా ప్రశ్న. 192.168.10.130 ఏ ముక్కలో ఉంది? 128 కంటే పెద్దది, 192 కంటే చిన్నది. కాబట్టి మూడో ముక్క. దాని పేరు 128, బ్రాడ్‌కాస్ట్ 191. అంతే! /26కు మాస్క్ చివరి అంకె 192. 256లోంచి 192 తీసేస్తే 64, అదే ముక్క పరిమాణం. ఈ ఒక్క తీసివేత అలవాటైతే సగం భయం పోతుంది. రోజుకు పది లెక్కల చొప్పున నెల రోజులు చేస్తే కాగితం అవసరం లేకుండానే జవాబు తడుతుంది. పాడగా పాడగా రాగం అని ఊరికే అనలేదు.

పిన్‌కోడ్ చెప్పే పాఠం

రౌటింగ్ అర్థం కావాలంటే తపాలా శాఖను తలచుకోవాలి. గన్నవరం పిన్‌కోడ్ 521101. ఎక్కడో ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసేచోట ఈ ఆరంకెలూ చూడనక్కర్లేదు. మొదటి అంకెలు చూసి దక్షిణాదికి పంపితే చాలు. కృష్ణా జిల్లా దగ్గరికి వచ్చాకే చివరి అంకెలతో పని పడుతుంది. చిరునామాకు చేరువయ్యే కొద్దీ ఎక్కువ అంకెలు చూస్తారన్నమాట.

రౌటరూ ఇంతే. తన పట్టికలో ఒకే చిరునామాకు రెండు మూడు దారులు కనిపిస్తే, ఎక్కువ అంకెలు కలిసే దారినే ఎంచుకుంటుంది. ఏదీ కలవకపోతే ‘డిఫాల్ట్ రూట్’ అనే పెద్ద దారిలోకి తోసేస్తుంది. సీసీఎన్ఏలో పావువంతు మార్కులున్న భాగానికి పునాది ఈ సూత్రమే. రౌటర్లు పక్క రౌటర్లను అడిగి దారులు తెలుసుకునే పద్ధతి ఓఎస్‌పీఎఫ్. అది దీని మీద కట్టిన మేడ. పునాది గట్టిగా పడితే మేడ కష్టం కాదు.

ఇల్లే ప్రయోగశాల

గట్టు మీద కూర్చుంటే ఈత రాదు. నెట్‌వర్కింగూ అంతే. చదివిన ప్రతి పాఠాన్నీ ఆ రోజే చేసి చూడాలి.

ప్యాకెట్ ట్రేసర్‌లో ఒక కాలేజీ కట్టుకోవచ్చు. ఆఫీసుకో వీలాన్, ల్యాబ్‌కో వీలాన్, హాస్టల్‌కో వీలాన్. మూడింటికీ డీహెచ్‌సీపీ ద్వారా వాటంతటవే చిరునామాలు అందాలి. హాస్టల్ కంప్యూటర్లు ఆఫీసు ఫైళ్ల జోలికి పోకుండా యాక్సెస్ లిస్ట్ రాయాలి. అందరూ నాట్ ద్వారా బయటి ఇంటర్నెట్‌లోకి వెళ్లాలి. ఇదంతా పనిచేశాక అసలు సాధన మొదలవుతుంది. పక్కనున్న స్నేహితుడికి ల్యాప్‌టాప్ ఇచ్చి ‘ఏదో ఒకటి చెడగొట్టు, ఏం చేశావో చెప్పొద్దు’ అనాలి. అతను ఒక పోర్టును మూసేస్తాడు, లేదా ఒక మాస్క్ మార్చేస్తాడు. దాన్ని వెతికి పట్టుకోవాలి. ఉద్యోగంలో రోజూ చేయాల్సింది ఇదే కదా!

ఇంట్లో ఉన్న ఫైబర్ పెట్టె కూడా గురువే. నెట్ ఆగిపోయినప్పుడు కంపెనీకి ఫోన్ చేసేముందు వరసగా చూసుకుంటూ పోవాలి. పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగితే ఫైబర్‌లోంచి సంకేతం రావడం లేదని అర్థం. తప్పు ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో లేదు. దీపాలు సవ్యంగా ఉంటే కంప్యూటర్‌కు వచ్చిన ఐపీ చిరునామా చూడాలి. అది 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి చిరునామా అందలేదన్నమాట. చిరునామా సరిగ్గా ఉంటే ముందు ఇంట్లోని రౌటర్‌కు పింగ్ కొట్టాలి. తర్వాత బయటి 8.8.8.8కు కొట్టాలి. రెండూ పలికి, వెబ్‌సైట్ పేరు కొడితే మాత్రం తెరుచుకోకపోతే అనుమానించాల్సింది డీఎన్ఎస్‌ను. కింది నుంచి పైకి ఇలా ఒక్కో మెట్టూ ఎక్కడం అలవాటైనవారు ఇంటర్వ్యూలో తడబడరు.

కేబుల్ పనీ నేర్చుకోవాలి. నెట్‌వర్క్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. ఎక్కువగా వాడే వరస ఇదీ: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఒక క్రింపింగ్ టూల్, చిన్న టెస్టర్, పది మీటర్ల కేబుల్, గుప్పెడు కనెక్టర్లు ఉంటే ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మొదటి పది కనెక్టర్లూ పాడవుతాయి. ఫర్వాలేదు. రాగి కేబుల్‌ను వంద మీటర్లు దాటించకూడదన్న చిన్న సంగతి తెలియక, రెండు భవనాల మధ్య తీగ లాగి నెట్ రావడం లేదని తలపట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ‘డిగ్రీ చదివి వైర్లు బిగించడమేంటి’ అని ఇంట్లో పెద్దవాళ్లు చిన్నబుచ్చకూడదు. ఈ పనిలో చాలామందికి మొదటి మెట్టు అదే.

అడ్డదారి ఖరీదు

పరీక్ష దగ్గరపడేసరికి ‘డంపులు’ అన్న మాట వినిపిస్తుంది. పరీక్షలో వచ్చిన ప్రశ్నలను దొంగతనంగా బయటికి తెచ్చి, జవాబులతో సహా అమ్మే కాగితాలవి. బట్టీ కొడితే పాసవుతామన్న ఆశ. ఇది సిస్కో నిబంధనలకు విరుద్ధం. దొరికితే సర్టిఫికెట్ రద్దు చేసే, మళ్లీ రాయకుండా నిషేధించే అధికారం కంపెనీకి ఉంది.

దొరక్కపోతే? అప్పుడూ నష్టమే. ‘బ్రౌజర్‌లో వెబ్‌సైట్ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఏం జరుగుతుంది’ అని ఇంటర్వ్యూలో అడిగితే పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్ నుంచి మొదలుపెట్టి ఏఆర్‌పీ, గేట్‌వే, టీసీపీ కరచాలనం దాకా వరసగా చెప్పాలి. మధ్యలో ‘గేట్‌వే ఆగిపోతే?’ అని ఎదురుప్రశ్న పడుతుంది. బట్టీ చదువు అక్కడ ఆగిపోతుంది. పాతికవేలు పెట్టి కొన్న కాగితం పది నిమిషాల్లో తేలిపోతుంది.

పరీక్ష రోజు...

సీసీఎన్ఏను పియర్సన్ వ్యూ కేంద్రంలో రాయొచ్చు, కెమెరా నిఘాలో ఇంటి నుంచైనా రాయొచ్చు. ఇంటి నుంచి రాస్తే గదిలోకి ఎవరూ రాకూడదు. అమ్మ మజ్జిగ తెచ్చిచ్చినా పరీక్ష ఆపేసే ప్రమాదముంది. కాగితం, పెన్ను కూడా కుదరవు. పైగా మధ్యలో కరెంటు పోతే గాభరా. వీలైనంతవరకూ కేంద్రానికి వెళ్లి రాయడమే నయం.

మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది పేరు. కొందరికి పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉండొచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఇంకో కార్డులో వెనకా ముందూ అవుతుంది. పరీక్షకు నమోదు చేసిన పేరూ, చూపించే గుర్తింపు కార్డులోని పేరూ అచ్చంగా ఒకటే కావాలి. తేడా ఉంటే లోపలికి రానివ్వకపోవచ్చు, కట్టిన ఫీజూ దక్కకపోవచ్చు. నమోదుకు ముందే కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి.

పరీక్షలో ఒకసారి తర్వాతి ప్రశ్నకు వెళితే వెనక్కి రాలేరు. ఈఏపీసెట్ లాంటి పరీక్షల్లో తెలియని ప్రశ్న వదిలేసి చివర్లో చూసుకోవడం అలవాటైనవారు ఇక్కడ దెబ్బతింటారు. రెండు గంటల సమయాన్ని అందుకు తగ్గట్టు పంచుకోవాలి. రౌటర్‌ను తెర మీద సరిచేయమనే ల్యాబ్ ప్రశ్నలూ ఉంటాయి. వాటికి కాస్త ఎక్కువ సమయం ఉంచుకోవాలి. పాస్ మార్కు ఎంతన్నది సిస్కో బయటపెట్టదు. కాబట్టి ‘ఇన్ని వస్తే చాలు’ అనే అంచనాలు కట్టుకోవద్దు. తప్పితే అయిదు రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు కానీ ఫీజు మళ్లీ మొత్తం కట్టాలి. నమూనా పరీక్షల్లో వరసగా మూడు సార్లు మంచి మార్కులు వచ్చేదాకా ఆ పాతికవేలు బ్యాంకులోనే ఉండనివ్వడం తెలివైన పని.

ఉద్యోగం మాటేమిటి?

ఉన్నమాట చెప్పుకోవాలి. సీసీఎన్ఏ ఉద్యోగం ఇవ్వదు, ఇంటర్వ్యూ గుమ్మం దాకా తీసుకెళుతుంది. మొదట దొరికేవి డెస్క్‌టాప్ సపోర్ట్, ఫీల్డ్ ఇంజినీర్, నెట్‌వర్క్‌లను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే నాక్‌లో ట్రెయినీ లాంటి కొలువులు. మొదటి జీతం చూసి పెదవి విరవొచ్చు. కానీ ఒకటి రెండేళ్లు గడిస్తే అనుభవమే మాట్లాడుతుంది. అక్కణ్నుంచి భద్రత వైపో, క్లౌడ్ వైపో వెళ్లే దారులున్నాయి.

రాత్రి షిఫ్టుల సంగతి కుటుంబమంతా ముందే మాట్లాడుకోవాలి. మెలకువగా ఉండాల్సిన పని కాబట్టి షిఫ్టులు తప్పవు. అమ్మాయిలను ఆపేయడానికి ఇది సాకు కాకూడదు. రవాణా ఏర్పాటు ఉందా, షిఫ్టులు ఎలా మారుతుంటాయి అని కంపెనీని అడిగి తెలుసుకుంటే సరిపోతుంది.

‘డబ్బు కడితే వెనక దారిలో ఉద్యోగం, లేని అనుభవానికి కాగితం’ అంటూ వచ్చే కన్సల్టెన్సీలను నమ్మొద్దు. కంపెనీలు పాత ఉద్యోగాల వివరాలు వాకబు చేస్తాయి. బయటపడితే ఉన్న ఉద్యోగమూ పోతుంది. బయోడేటాలో కూడా నిజమే రాయాలి. శిక్షణ మాత్రమే పూర్తయితే అలాగే రాయాలి. పాసైనవారికి సిస్కో డిజిటల్ బ్యాడ్జి ఇస్తుంది. దాని లింకు చూసి ఎవరైనా నిజమో కాదో క్షణంలో తేల్చుకోవచ్చు.

ఆరు నెలల బాట

• మొదటి నెల: కంప్యూటర్లు ఎలా మాట్లాడుకుంటాయి, కేబుళ్లు, ఐపీ చిరునామాలు. రోజూ పది సబ్‌నెట్ లెక్కలు.
• రెండో నెల: స్విచ్‌లు, వీలాన్‌లు. నెలాఖరుకు ‘కొనసాగుదామా, వద్దా’ అన్న నిర్ణయం.
• మూడో నెల: రౌటింగ్, ఓఎస్‌పీఎఫ్. కోచింగ్ కావాలనుకుంటే ఇప్పుడు.
• నాలుగో నెల: డీహెచ్‌సీపీ, నాట్, యాక్సెస్ లిస్టులు, వైర్‌లెస్, భద్రత.
• అయిదో నెల: ఆటోమేషన్ పరిచయం. పెద్ద ప్రోగ్రాములు రాయనక్కర్లేదు, జేసన్ లాంటివి చదివి అర్థం చేసుకుంటే చాలు. మిగతా సమయమంతా చెడగొట్టి బాగుచేసే సాధన.
• ఆరో నెల: నమూనా పరీక్షలు. మార్కులు నిలకడగా వచ్చాకే ఫీజు, తేదీ.

రోజుకు రెండు గంటలు క్రమం తప్పకుండా కూర్చోగలిగినవారికి ఈ బాట సరిపోతుంది. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారు ఇంకో మూడు నెలలు కలుపుకోవచ్చు, తొందరేం లేదు.

తల్లిదండ్రులకు ఐపీ అంటే తెలియకపోయినా ఫర్వాలేదు. ప్రతి ఆదివారం భోజనాల దగ్గర మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఈ వారం ఏం కట్టావు? ఏది పాడైంది? ఎలా బాగుచేశావు? ఈ మూడింటికీ తడుముకోకుండా, ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగిన రోజున పరీక్ష ఫీజు నిశ్చింతగా కట్టేయొచ్చు.